జామ పిప్పి

మూతపడిన అచ్చు ప్రెస్సు అటక మీద గబ్బిలాలు కాపురం ఉన్నంతకాలం ఆ భవనం మీద పలుగు పడకూడదని అటవీశాఖ వాళ్ళు కాగితం ఇచ్చారు. దాంతో కింది రెండు గదుల్లో పెద్దమ్మ కాపురం కూడా నిలబడింది.

పెద్దమ్మ ఆ ప్రెస్సుకు కాపలా మనిషి. ఆమె, బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన ఆమె మరిది, ఇద్దరే ఉంటారు. ఆ గదులు పోతే ఇద్దరికీ తల దాచుకునే చోటు లేదు. యజమానికేమో అక్కడ ఆరంతస్తులు లేపాలని ఒకటే ఆత్రం.

అవి అల్లాటప్పా గబ్బిలాలు కావు. లోకం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయట. అవి ఎక్కడ వేలాడతాయి, ఎటు తిరుగుతాయి, ఏం తింటాయి అని రాసుకోవడానికి పెద్ద చదువుల పిల్ల ఒకతె వచ్చేది. అందరూ గబ్బిలాల అమ్మాయి అనేవాళ్ళు.

ప్రతి సోమవారం పొద్దున్నే సంచీ తగిలించుకుని ఒక్కతే నిచ్చెనెక్కేది. గంట తర్వాత దిగేది. అటక మీద పరిచిన తెల్లదుప్పటి మీద వారమంతా రాలినవి ఏరి కవర్లలో వేసుకొచ్చేది. ఇంకెవరూ ఎక్కకూడదు, బెదిరితే లేచిపోతాయి అని గట్టిగా చెప్పింది. పెద్దమ్మ మోకాళ్ళకు ఆ నిచ్చెన ఎలాగూ లొంగదు. గబ్బిలాలు బయటికి పోయే కంత వెనక గోడకుంది. దీపాలు పెట్టగానే పెద్దమ్మ మంచమెక్కేస్తుంది. అందుకని వాటిని ఆమె కళ్ళారా చూసింది లేదు. చూసిందల్లా కవర్లలోవే.

"ఇవి పండు మింగవు పెద్దమ్మా. నమిలి, రసం పీల్చుకుని, పిప్పి ఉమ్మేస్తాయి," అని చూపించేది ఆ పిల్ల. బొటనవేలి గోరంత జామ పిప్పి, ఒకవైపు చదునుగా నొక్కినట్టుండేది. పెద్దమ్మ ముక్కున వేలేసుకునేది. ఎంత పొందికగా ఉమ్ముతాయో, మా మరిదికి ఈపాటి పద్ధతి లేదు అనేది.

ఆ పిల్ల నవ్వబోయి దవడ పట్టుకునేది. పంటి నొప్పేమోనని పెద్దమ్మ లవంగం ఇచ్చేది.

ఇంతలో ఆ పిల్లకు జ్వరం తగిలింది. రెండు వారాలు రాలేననీ, ఎవరినీ పైకి ఎక్కనివ్వొద్దనీ ఫోన్ చేసి చెప్పింది. సరిగ్గా అప్పుడే యజమాని వచ్చి, గబ్బిలాలూ లేవు గిబ్బిలాలూ లేవని అర్జీ పెట్టుకున్నాననీ, వచ్చే శుక్రవారం అటవీశాఖ ఆఫీసరు స్వయంగా చూస్తాడనీ చెప్పి, మీసం దువ్వుకుంటూ పోయాడు.

పెద్దమ్మ బెంగపడలేదు. ఎందుకైనా మంచిదని మరిదిని పైకి ఎక్కించింది. అతను ఎంత వేగంగా ఎక్కాడో అంత వేగంగా దిగాడు.

"వదినా, దుప్పటి చాకలింటి నుంచి వచ్చినట్టుంది. ఒక్క పిప్పి లేదు. ఒక్క గబ్బిలం లేదు."

పెద్దమ్మ కాసేపు తల పట్టుకుని కూర్చుంది. ఈ వారం చూసుకునే లేచిపోయాయి ముదనష్టపువి అని తిట్టుకుంది. తర్వాత లేచి, చెంగు బిగించి, బజారుకెళ్ళి రెండు కిలోల జామకాయలు తెచ్చింది.

"నోట్లో పళ్ళున్నది నీకే. నమలవయ్యా," అంది.

"ముప్పై ఏళ్ళు టిక్కెట్లు కొట్టాను గానీ ఈ ఉద్యోగం ఎప్పుడూ చెయ్యలేదు వదినా. కాస్త ఉప్పూ కారం ఇవ్వరాదూ?"

"గబ్బిలాలు ఉప్పూ కారం అద్దుకుంటాయా?"

మొదటి రోజు ఉమ్మిన పిప్పి గేదె నెమరేసినట్టుందని పారబోయించింది. రెండో రోజుది పెద్దదన్నది. నాలుకతో అంగిలికేసి నొక్కమని తనే నేర్పింది. మూడో రోజుకు కుదిరింది. బొటనవేలి గోరంత, ఒకవైపు చదును. కవర్లో చూసినదానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. గురువారానికి మరిది దవడలు వాచి, గంజి తప్ప ఏదీ నోట పెట్టలేకపోయాడు. దుప్పటి మాత్రం నిండింది.

శుక్రవారం ఆఫీసరూ యజమానీ లోపల అడుగుపెడుతుండగా, సంగతి తెలిసి గబ్బిలాల అమ్మాయి ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇవాళ వద్దు సార్, అవి బెదురుతాయి, ఇంకో వారం ఆగండి అని నిచ్చెనకు అడ్డం నిలబడింది. యజమాని పళ్ళికిలించాడు. ఆఫీసరు ఆమెను పక్కకు జరగమన్నాడు.

ఆఫీసరుకు గబ్బిలమంటే ప్రాణం మీదికొస్తుందని నిచ్చెన మూడో మెట్టుకే తెలిసిపోయింది. ముక్కుకు రుమాలు కట్టుకుని, తల మాత్రం లోపల పెట్టి, టార్చి వేశాడు. చేతికందిన పిప్పి నాలుగు ఏరి, తిప్పి చూశాడు. దిగొచ్చి, గబ్బిలాలు నిక్షేపంగా ఉన్నాయని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఇంకో ఐదేళ్ళు ఈ గోడకు మేకు కూడా కొట్టకూడదన్నాడు.

"గబ్బిలాలేవి సార్?" అన్నాడు యజమాని.

"పగలు సందుల్లో దూరి పడుకుంటాయి. మీరెక్కి లేపండి."

యజమాని లేపలేదు. కారు తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు. వెనకే ఆఫీసరూ వెళ్ళాడు.

గబ్బిలాల అమ్మాయి అప్పుడు గబగబా అటకెక్కింది. ఎంతకీ దిగలేదు. కింద పెద్దమ్మ నిచ్చెన పట్టుకుని నిలబడింది. చదువుకున్న పిల్ల, మరిది పంటిగాట్లు గుర్తుపట్టదా? ఒప్పేసుకుని కాళ్ళు పట్టుకోవడమే మంచిదనుకుంది. మరిది అప్పటికే పెరట్లోకి జారుకున్నాడు.

ఆ పిల్ల దిగింది. గుప్పిట నిండా పిప్పి. కళ్ళ నుంచి బొటబొటా నీళ్ళు. తప్పు నాదేనమ్మా అని పెద్దమ్మ నోరు తెరవబోయేంతలో వచ్చి మెడ చుట్టూ చేతులేసింది.

"పెద్దమ్మా, నాలుగు నెలలుగా ఆ కవర్లలో ఉన్నదంతా నేను నమిలి ఉమ్మిందే, ఇన్నాళ్ళకు నా గబ్బిలాలు మళ్ళీ తిరిగొచ్చాయి."