కింది గది పంచాయతీ

“ఆ మోకాలు బార్డర్ల ఇరిగిందా, బాత్రూంల జారిందా? ముందు అది తేల్చుండ్రి!” అంది విజయరాణి.

మెస్‌హాలంతా గొల్లుమంది. లింగన్న నవ్వలేదు. ఆయన మాజీ సైనికుడు, ఇప్పుడు కంపెనీ గోదాము దగ్గర వాచ్‌మన్. దెబ్బ ఏ యుద్ధంలో తగిలిందని అడిగితే ఒక్కోసారి ఒక్కో యుద్ధం పేరు చెబుతాడు. నొప్పి మాత్రం నిజమే. నిన్న సాయంత్రం ఆయన మెట్ల మీద కూర్చుంటూ కూర్చుంటూ పైకి పోవడం విజయరాణి చూసింది. చూసి జాలిపడింది కూడా. అయినా మీటింగులో నోరు ఊరుకుంటుందా?

గల్ఫు దేశంలోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆ క్లీనింగ్ కంపెనీ పనివాళ్ళుండే బిల్డింగుకు లిఫ్టు లేదు. ముందు వైపు మగవాళ్ళు, వెనక వైపు ఆడవాళ్ళు. కింది అంతస్తులో ఒకే ఒక్క గది ఖాళీ అయింది. అది ఎవరికన్నదే ఈ నెల కమిటీ మీటింగులో తగవు. మగవాళ్ళ లీడరు గంగాప్రసాద్, ప్లంబరు. ఆడవాళ్ళ లీడరు విజయరాణి. వీళ్ళిద్దరికీ ఎంత పడదో ఆ బిల్డింగులో పిల్లినడిగినా చెబుతుంది.

“దేశం కోసం నిలవడ్డ మనిషాయె,” గంగాప్రసాద్ లేచాడు. “మెట్లెక్కి మంచం మీద పడి మూలుగుతున్నడు. జరంత మర్యాదుండాలె.”

“ఓ మనిషీ, మరి ముత్తెమ్మ నడుముకు మర్యాద లేదా? మనందరికన్న ముందొచ్చింది. ఆమె ఊడ్చిన నేలంత ఒక్కకాడ పరిస్తే ఈ దేశమే సాలదు!”

“మాటలు బాగనే నేర్చినవ్.”

“నీ అసుంటోళ్ళతోటి ఏగి ఏగి నేర్చిన.”

ముత్తెమ్మ నవ్వబోయి, నడుము పట్టేసి “అబ్బా” అంది. ఆ “అబ్బా” తమ వాదనకు బలమన్నట్టు ఆడవాళ్ళందరూ మగవాళ్ళ వైపు చూశారు.

“ఖలాస్!” క్యాంపు బాసు యూనుస్ బల్ల మీద కొట్టాడు. హైదరాబాదు మనిషి. ఇద్దరి మధ్య నలిగి నలిగి ఆయన జుట్టు సగం రాలిపోయింది. “విజయరాణీ, ఆయనకు పేరున్నది గదా. ‘ఓ మనిషీ, ఓ మనిషీ’ ఏంది?”

“ఆ పేరు నా నోట రాదు భాయ్. ఏం జేసుకుంటరో చేసుకోండ్రి.”

“ఇసుంటి మనిషితోటి ఇంట్లామె ఎట్ల ఏగుతున్నదో!” వెనక కూర్చున్న ఆడవాళ్ళల్లోంచి కళ అంది.

“పాపం, ఆమె కర్మ,” విజయరాణి నిట్టూర్చింది.

గంగాప్రసాద్ కుర్చీ చప్పుడయ్యేలా లాక్కుని కూర్చున్నాడు.

యూనుస్ తర్వాతి సంగతికొచ్చాడు. “మొగుడు పెండ్లాం ఇద్దరూ ఈ కంపెనీల పని చేయొద్దన్న రూలు ఎత్తేయరట. ఆఫీసోళ్ళు గట్టిగనే ఉన్నరు. దొరికితే ఇద్దర్ల ఒకరు ఇంటికి పోవుడే. పోయిన నెల ఒక జంటను పంపేసిండ్రు. మీ దిక్కు అసుంటోళ్ళు ఎవరన్న ఉన్నరా?”

“మగోళ్ళల్ల ఎవ్వరు లేరు,” అన్నాడు గంగాప్రసాద్.

“ఆడోళ్ళల్ల కూడ లేరు,” అంది విజయరాణి.

“అల్‌హమ్‌దులిల్లా!” యూనుస్ చేతులు పైకెత్తాడు. “ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చిండ్రు. ఇగ ఇంకో మాట మీదికి కూడ రాండ్రి. వంతెన అవతల బుసైతీన్‌ల ఆఫీసోళ్ళు చిన్న ఇల్లొకటి తీసుకున్నరు. దానికి మెట్లు లేవు. లింగన్న అక్కడికా, ముత్తెమ్మ అక్కడికా? శుక్రవారం మీరిద్దరే పోయి, చూసి, తేల్చుకొని రాండ్రి.”

“ఈ మనిషితోటా?” విజయరాణి నెత్తి కొట్టుకుంది. “దీనికన్న నన్ను మా ఊరికి తోలుండ్రి!”

“నాకు శుక్రవారం బట్టలుతుక్కునేదున్నది,” గంగాప్రసాద్ గొణిగాడు.

“ఇది శిక్ష అనుకోండ్రి. తేలకుండ వస్తే గేటు తియ్య.”

హాలంతా చప్పట్లు. వాళ్ళల్లో ఎవరు కుంటుకుంటూ తిరిగొస్తారో అని అప్పుడే పందాలు మొదలయ్యాయి.

శుక్రవారం కంపెనీ వ్యానులో ఆమె వెనక సీట్లో, అతను ముందు సీట్లో కూర్చున్నారు. ముహర్రక్ వంతెన మీద అతను ఎడమవైపు సముద్రం చూస్తే ఆమె కుడివైపు సముద్రం చూసింది. డ్రైవరు ఖుర్రం ఇద్దరినీ ఓరకంట చూసి రేడియో సౌండు పెంచాడు.

ఇంటి ముందు దింపి తాళంచెవి ఇచ్చాడు. “నమాజుకు పోయి, బిర్యానీ తిని, నిదానంగ వస్త. అందాక ఒకర్నొకరు సంపుకోకుండ్రి. నేను పోలీస్ స్టేషన్ల సుట్టు తిరగలేను.”

లోపల రెండు గదులు, చిన్న వాకిలి, ఒక నల్లా. విజయరాణి గుమ్మంలోంచే అంతా ఒక చూపు చూసింది.

“లింగన్నను ఈడికి రానియ్యి. గోదాము ఈడికి దగ్గరే. ముత్తెమ్మకు ఆడ కింది గది.”

“నేను మొదట్నుంచి అదే అంటున్న.”

“ఎప్పుడన్నవ్?”

“మనసుల.”

పంచాయతీ అయిపోయింది. గంగాప్రసాద్ కారుతున్న నల్లా బిగించే పనిలో పడ్డాడు. విజయరాణి వీధి చివరిదాకా తొంగిచూసి, గేటుకు గొళ్ళెం పెట్టింది. చున్నీతో మొహం తుడుచుకొని, ఫోను తీసి, వీడియో కాల్ కలిపింది. మెట్‌పల్లిలో రెండు జడలేసుకున్న పిల్ల తెర మీదికొచ్చింది.

“బడికి పోలేదా?” విజయరాణి గద్దించింది.

“ఇయ్యాల ఇంటికాడ ఉండమని నువ్వే అంటివి గదనే అమ్మా!”

విజయరాణి ఇటు రమ్మని గంగాప్రసాద్‌కు సైగ చేసింది. అతను చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఇగో బిడ్డా, మీ బాపు,” అంది.