తప్పు చేయనివాడు

అధికారి కళ్లద్దాలు తీసి సొరుగులో పెట్టి, అప్పుడు నవ్వాడు.

ఎదురుగా నిలబడ్డ లిఫ్టు మెకానిక్ పనిచేసేది ఒక విదేశీ కంపెనీకి. చట్టం దృష్టిలో అతని యజమాని మాత్రం, ఆ కంపెనీ తరఫున జీతమిచ్చే, ఈ అధికారి పనిచేసే స్థానిక సంస్థ. కంపెనీకి ఇప్పుడతను అక్కర్లేదు. కానీ తప్పు చేయనివాణ్ణి తొలగించడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు.

"రాజీనామా ఇచ్చెయ్యి."

"ఇవ్వను సార్. మా ఆవిడకి నెలలు నిండాయి. ఈ ఉద్యోగం పోతే ఏం తిని బతకాలి?"

"నేను నీకు కాగితం మీద యజమానిని. నువ్వూ ఆ బిడ్డకి కాగితం మీద తండ్రివేనేమో! అసలువాణ్ణి పోషించమను."

పిడికిలి దెబ్బకు అధికారి కుర్చీతో సహా వెనక్కి విరుచుకుపడ్డాడు. మెకానిక్ అతని గుండెల మీదెక్కి కూర్చున్నాడు.

"మా ఆవిణ్ణంటావురా? నాలిక చీరేస్తా!"

పెదవి చిట్లింది, పన్ను ఊడింది, నెత్తురు చొక్కా తడిపింది. అధికారి చేయి అడ్డుపెట్టలేదు, అరవలేదు. ముఖాన్ని మాత్రం గోడమీది కెమెరా వైపు తిప్పి ఉంచాడు.

కాపలావాళ్లు మెకానిక్‌ను లాగి పడేశాక, అధికారి నెత్తురు ఉమ్మి, ఏ కోపమూ లేకుండా అన్నాడు:

"ఆఫీసులో అధికారి మీద దాడి. ఈ క్షణం నుంచి నీకు ఉద్యోగం లేదు. నీలో తప్పు దొరక్కే కదా, ఇన్నాళ్లూ మా తిప్పలు!"

కాపలావాళ్లు మెకానిక్‌ను బయటికి ఈడ్చుకెళ్లారు.

అధికారి సొరుగు లాగాడు. ఇస్త్రీ చొక్కాలు దొంతరగా ఉన్నాయి. ఒకటి తొడుక్కుని, కళ్లద్దాలను అందులోనే ఉంచి, తలుపు వైపు కేకేశాడు:

"తర్వాతివాణ్ణి రమ్మనండి."