కిటికీ దగ్గర హీరో

“వాడికి అసలు బుద్ధుందా? పెళ్ళాం ఇల్లొదిలి వెళ్ళి మూడు వారాలైంది. ఇంకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు!”

హాల్లో అమ్మ గొంతు ఖంగుమంది. తలుపు ఇవతల కుర్చీ అంచున కూర్చున్న రచయిత గబగబా రాసుకున్నాడు: కిటికీ తీసెయ్యాలి.

మధ్యాహ్నం రెండింటి సీరియల్ అవగానే అమ్మ ఫోనందుకుని ఆనాటి కథను చీల్చి చెండాడడం ఈమధ్యే మొదలైంది. అవతల ఉన్నది పిన్నేనని ఆ అరుపును బట్టే చెప్పొచ్చు. పిన్నికి చెవుడు. వీధి చివరిదాకా వినబడితే తప్ప ఆవిడకు వినబడదు. సీరియల్ రాసేది తన కొడుకేనన్న మొహమాటం అమ్మకు ఇసుమంతైనా లేదు. ఇదివరకు ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్ళే మనిషి, ఇప్పుడు సరిగ్గా అతని గది తలుపు పక్కనే చతికిలబడుతోంది.

అతనికీ అదే కావాలి. చాటుగా విని రాసుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. బస్సులో తగువులు, మంగలి షాపులో కబుర్లు, దేన్నీ వదిలేవాడు కాదు. ఆ విద్యే చివరికి కొంప ముంచింది. “ఈ ఇంట్లో నేను మనిషినా, గరిటెనా?” అని భార్య ఒకరోజు విసుక్కుంటే, ఆ మాటను పొల్లుపోకుండా తీసుకెళ్ళి సీరియల్లో గయ్యాళి తోటికోడలి నోట్లో పెట్టాడు. అది జనానికి తెగ నచ్చింది. భార్య పనిచేసే ల్యాబులో “అదిగో గరిటె వచ్చింది” అని నవ్వారట. ఆ సాయంత్రమే ఆవిడ సూట్‌కేసు సర్దుకుంది.

“వేలకు వేలు మాటలు రాస్తారుగా. నాకు చెప్పాల్సిన మాట ఏదో దొరికినరోజు రండి” అని పుట్టింటికి వెళ్ళిపోయింది.

అతనికి రోషమొచ్చింది. కథలో హీరోయిన్‌నీ పుట్టింటికి పంపించాడు. నెలాఖరుకల్లా తనంతట తానే వచ్చి మొగుడి కాళ్ళమీద పడే సీను కూడా రాసిపెట్టుకున్నాడు. ఇంట్లో గెలవలేని వాదన ఇంటింటా గెలుద్దామని అతని ఎత్తు. కానీ చూసేవాళ్ళు తగ్గిపోతున్నారు. నెలాఖరులోగా ఆ కాపురం చక్కబడకపోతే సీరియల్ మూసేస్తానని నిర్మాత అనేశాడు.

“చూస్తూండు, ఆ పిల్లే వచ్చి కాళ్ళు పట్టుకుంటుందని తీస్తారు” అంటోంది అమ్మ. “ఎందుకు పట్టుకోవాలట? తప్పెవరిది? ఆ పిల్లకి ఉద్యోగముంది, వెనక అమ్మానాన్నా ఉన్నారు. పట్టుకోవాల్సిన ఖర్మేంటి?”

రచయిత ఆ సీను మీద అడ్డంగా గీత కొట్టాడు. అయినా మనసొప్పలేదు. మొగుడే వెళ్ళి బతిమాలితే హీరో చిన్నబోడూ?

“చిన్నబోవడమేంటి? ఒప్పుకుంటే పెద్దవాడవుతాడు!” అతని మనసు చదివినట్టే అమ్మ గొంతు పెంచింది. “వాడు చిన్నప్పట్నుంచీ అంతే. తప్పు చేసి మంచం కింద దూరడమే గానీ, బయటికొచ్చి ఒప్పుకున్న పాపాన పోలేదు.”

రచయితకు ఒళ్ళు పులకరించింది. హీరో చిన్నతనం గురించి తను ఒక్క వాక్యం కూడా రాయలేదు. అమ్మే అంతా ఊహించేసుకుంది! పాత్రకు ప్రాణం పోయడమంటే ఇదేనని తన భుజం తనే తట్టుకున్నాడు.

“సరేలే, ఉంటా. వేళకి తింటున్నావా? చిక్కిపోకు.” అమ్మ ఫోను పెట్టేసింది.

మర్నాటికల్లా హీరో క్షమాపణ మూడు పేజీలు తయారైంది. అందులో సముద్రం ఉంది, చుక్కాని లేని పడవ ఉంది, రెండుసార్లు వెన్నెల కూడా ఉంది. నిర్మాత పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

“ఏంటండీ ఇది? క్షమాపణలా లేదు, సన్మానసభలో ఉపన్యాసంలా ఉంది. మీ జన్మలో ఎవరికైనా తప్పయిందని చెప్పారా?”

రచయిత గుర్తు చేసుకోబోయాడు. ఎంతసేపటికీ ఏదీ గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం సీరియల్ అయ్యాక తలుపు దగ్గరికి తనే కుర్చీ జరుపుకున్నాడు.

“మాటల మూటలొద్దు” అంటోంది అమ్మ. “ఎదురుగా నిలబడి ‘తప్పు నాది, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు’ అంటే చాలు. ఏ ఆడపిల్లైనా అంతకంటే ఏం అడుగుతుంది?”

అతను అద్దం ముందు నిలబడి అనబోయాడు. “తప్పు” దాకా వచ్చింది, మిగతాది బయటికి రాలేదు. అద్దం పక్కన కొక్కేనికి భార్య మర్చిపోయిన దువ్వెన సంచీ వేలాడుతోంది. మూడు వారాలుగా రోజూ దాన్ని చూస్తూ, చూడనట్టు నటిస్తున్నాడు. ఆవిడ లేని ఇంట్లో తను రాస్తున్నదంతా చప్పగా ఉందని అతనికి తెలుసు. కళ్ళు చెమర్చాయి.

నిజంగా ఒకసారి అంటే గానీ సీను పండదని తనకు తాను సర్దిచెప్పుకుని చొక్కా మార్చుకున్నాడు. దువ్వెన సంచీ జేబులో పెట్టుకున్నాడు.

“ఎక్కడికిరా ఈ ఎండలో?” అంది అమ్మ.

“పని మీద.”

“సీరియల్ పనా?”

“అలాంటిదే.” చెప్పులేసుకుంటూ ఆగాడు. “అమ్మా, నువ్వు సీరియల్ బాగా చూస్తావే.”

“ఏదో, కాలక్షేపం” అంది అమ్మ.

వీధి మలుపులో అతను బస్సెక్కేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత తాపీగా లోపలికొచ్చి ఫోనందుకుంది. ఈసారి గొంతు పెంచలేదు.

“కోడలుపిల్లా, మనవాడు బయల్దేరాడు!”