తేమ తగలని బిళ్ల

"ఆడ్నే ఆగు పెద్దాయనా! ఊపిరి తగిలితే పొడి ఖరాబైతది!"

నవ్యశ్రీ అరుపుకు గుమ్మంలోని పెద్దాయన నోరు మూసుకున్నాడు. ఎందుకైనా మంచిదని ముక్కు కూడా మూసుకున్నాడు.

మొయినాబాద్ కాలేజీలో ఆ రోజు సాఫ్ట్‌వేర్ కొలువుల జాతర. పిల్లలకంటే తండ్రులే ఎక్కువ. ఈయనా ఎవరి తండ్రో అనుకుంది.

పై అంతస్తు ల్యాబ్‌లో ఆమె ఒక్కతే. కంప్యూటర్లకు చోటు కావాలని ఇన్‌ఫ్రారెడ్ మిషన్‌ను చందనవెల్లి ఫ్యాక్టరీకి అమ్మేశారు. ఈ రోజే పట్టుకుపోతారు. ఈలోగా గ్రాఫీన్ గ్రాఫ్ రాకపోతే ఆమె పరిశోధన మూసీలో కలిసినట్టే.

చిటికెడు గ్రాఫీన్ నల్లపొడిని ఉప్పులాంటి తెల్లపొడితో కల్వంలో నూరి, పలుచటి బిళ్లగా నొక్కాలి. బయటేమో ముసురు. ఆ తెల్లపొడి గాలిలోని తేమను గటగటా తాగేస్తుంది. తాగిందా, గ్రాఫ్ నిండా నీళ్లే.

బిళ్ల మసకబారింది. పారేసింది. మళ్లీ నూరింది. చేవెళ్ల పిల్లది ఉడుంపట్టు.

"ముసురంటే మా కొండకల్‌దమ్మా," అన్నాడాయన గుమ్మం అవతలి నుంచే. "ఒకపారి కుట్టిప్పకుండనే ఉప్పు బస్తా నీళ్లై కారి ఖాలీ అయింది. ఆ నీళ్లు తాగిన ఎలుకలు దూపకు వాగు ఎండగొట్టినయ్."

"కిస్సలు బంద్ జెయ్యి బాపూ. మిషన్ కోసం ఆళ్లొస్తే నా పని ఖతం."

"అస్తే ఏం జేస్తవ్?"

"మిషన్‌ను కావలిచ్చుకొని కూసుంట. నన్ను గూడ ఎత్తుకపోవాలె."

ఆయన నవ్వి, తలుపు దగ్గరికి వేసి, బయటే కూర్చున్నాడు.

కాసేపటికి వరండాలో మిషన్ మోసే కూలీల అడుగుల చప్పుడు.

"లోపటికి వోకుండ్రి! నాగుపాము దూరింది. పడగ శాటంత ఉన్నది!" పెద్దాయన గొంతు.

అడుగులు వెనక్కి ఉరికాయి. నవ్యశ్రీ పెదవి కొరికి నవ్వాపుకుంది. నవ్వితే ఊపిరి పొడి మీద పడుతుంది మరి.

పొడిని బల్బు కింద ఆరబెట్టింది. నూరింది. నొక్కింది. పగిలింది. మళ్లీ మొదలు.

పొద్దువాలే వేళకు ఓ బిళ్ల పగలలేదు, మసకబారలేదు. మిషన్‌లో పెట్టింది. గ్రాఫ్ గీత ఆమె ఎదురుచూసిన చోటల్లా వంగింది.

"అచ్చింది బాపూ!" తలుపు తీసింది.

వరండా ఖాళీ.

గేటు దాకా పరుగెత్తింది. "మల్లేశన్నా, ల్యాబ్ కాడ కూసున్న పెద్దాయన ఏడి? కొడుక్కు నౌకరీ అచ్చిందా?"

"కొడుకేంది?" అన్నాడు వాచ్‌మన్ మల్లేశ్. "ఉన్న నౌకరీ ఆయనకే పోయింది. పొద్దుందాక పని జెయ్యలేదని సేటు ఫోన్ల మస్తు తిట్టిండు. ఇప్పుడే పోయిండు."

"ఏం పని?"

"మీ మిషన్ పట్కపోను పొద్దుగాల లారీ తెచ్చిన హన్మంతు గాయ్ననే గదమ్మా."