ఎనభయ్యో బ్రెడ్డు

“సగం బ్రెడ్లు వెనక గుమ్మంలోంచి ఆ బేకరీవాడి సొంతవాళ్ళకి పోతుంటాయి. రాసిపెట్టుకోండి!” కుళాయిల మేస్త్రి వరసంతా వినపడేలా అరిచాడు.

వరదకి వంతెన కొట్టుకుపోయి అయిదు రోజులు. పిండి లారీ రాలేదు. బేకరీవాడు ఉన్న పిండినే రోజుకింత అని పొదుపు చేసి కాలుస్తున్నాడు. కిటికీ పక్కన పలక మీద సుద్దతో రాసిపెట్టాడు: ‘ఇవాళ ఎనభై. ఇంటికొకటి. ఎవరైనా సరే, వరసలోనే.’

మేస్త్రి కూతురికి మూడు రోజులుగా జ్వరం. పాలల్లో ముంచిన బ్రెడ్డు తప్ప ఏం పెట్టినా కక్కేస్తోంది. నిన్న అతని వంతు వచ్చేసరికి కిటికీ మూతపడింది. ఇవాళ కూడా ఉత్త చేతులతో వెళ్తే పిల్ల మొహం ఎలా చూడాలో తెలియక నోరు లేస్తోంది.

ముందు నిలబడ్డ ముసలమ్మ వెనక్కి తిరిగింది. చంకలో గుడ్డసంచి.

“ఏం పని చేస్తావు నాయనా?”

“గొట్టాలు, కుళాయిలు.”

“గొట్టం పగిలితే దాన్ని తిడతావా?”

“తిడితే నీళ్ళాగుతాయా? వాల్వు కట్టేస్తా.”

“మరి నోటికి పెట్టించుకోలేదేం, వాల్వు?”

వరస గొల్లుమంది. మేస్త్రికీ నవ్వాగలేదు.

“నీకేం పెద్దమ్మా, ఎన్నయినా చెబుతావు. అక్కడ పిల్ల జ్వరంతో పడుంది. కడుపు మండదా?”

“మండుతుంది. నేను చదువుకున్నదాన్ని కాదు. కష్టమొస్తే ఒక్కటే చూసుకుంటా, ఇది నా చేతిలో ఉందా లేదా అని. వంతెన కట్టడం నా చేతిలో లేదు. వరసలో నిలబడ్డం ఉంది. ఉన్నది చేస్తున్నా. లేనిదాన్ని ఆ వరదకే వదిలేశా.”

“ఈ వయసులో నువ్వు నిలబడాలా? కొడుకుల్లేరా?”

“ఒక్కడున్నాడు. వాడికి తలెత్తే తీరిక లేదు.”

“అమ్మ దగ్గరికొచ్చేసరికి ఎవడికీ తీరికుండదులే. అందరూ అంతే.”

ముసలమ్మ మెడ నిటారుగా లేచింది. “మావాడు అందరిలాంటోడు కాదు. మాటంటే మాటే వాడికి. కన్నదాన్ని, నేనడిగినా మార్చడు.”

“మాటతో కడుపు నిండుతుందా?”

“నాకు నిండింది.”

కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుని మేస్త్రి ఊరుకున్నాడు.

వరస కదిలింది. లోపల బేకరీవాడు మోచేతుల దాకా పిండితో, వంచిన తల ఎత్తకుండా అందిస్తున్నాడు. మణికట్టు మీద కాలిన బొబ్బ.

“పాపం, మందు కూడా రాసుకోలేదు” అని గొణిగింది ముసలమ్మ.

“ముందు బ్రెడ్డు రానీ పెద్దమ్మా, తర్వాత జాలిపడదువుగాని.”

ముసలమ్మ కిటికీ దగ్గరికి చేరింది. లోపల్నించి గొంతు వినపడింది. “ఇంకొక్కటే ఉంది.”

మేస్త్రి అరవబోయాడు. ఇది తన చేతిలో లేదు. పళ్ళు బిగించి వాల్వు కట్టేశాడు.

ముసలమ్మ పక్కకి జరిగింది.

“ఇది మాత్రం నా చేతిలో ఉంది నాయనా. నువ్వు ముందుకి రా.”

బ్రెడ్డు అందుకున్నాడు మేస్త్రి. వేడి చేతుల్లో ఉంది, సిగ్గుతో మొహంలోకీ వచ్చింది.

“సగం నువ్వు తీసుకో పెద్దమ్మా.”

“నీ పిల్లకి సగం జ్వరం తగ్గితే చాలా? పో, చల్లారకముందే.”

“మరి మీ ఇంట్లో?”

“కోడలుంది. మా లెక్క దానికీ తెలుసు. ఇంకేదో ఉడికించుకుంటాం.”

“నీ కొడుకెక్కడ పనిచేస్తాడో చెప్పు. నాలుగు దులిపేసి పోతా.”

ముసలమ్మ నవ్వింది. ఉత్త సంచిని పట్టుచీర మడిచినంత పొందిగ్గా మడిచింది.

కిటికీ రెక్క పడింది. వెనక గుమ్మంలోంచి బేకరీవాడు బయటికి వచ్చాడు. మేస్త్రి ముందుగా చూసింది అతని చేతులనే. ఖాళీగా ఉన్నాయి. ఆ చేతులు తిన్నగా వచ్చి ముసలమ్మ దగ్గర సంచి అందుకున్నాయి.

“అమ్మా, ఇవాళ కూడా మనింటికి మిగల్లేదే!”