మూడో గ్లాసు

"మీ అమ్మ ఇవాళ కూడా రాలేదా?" తలుపు తీస్తూనే అడిగింది పెద్దకోడలు.

"రాలేదు పెద్దమ్మా," అంది చిన్నకోడలి కూతురు.

"అంత పంతమా! ఒక మెట్టు దిగితే తలవంపులా దానికి?"

కూతురు పాత టేపు రికార్డరును బల్లమీద పెట్టి, పక్కనే ఫోనులో రికార్డింగు మొదలుపెట్టింది. పెద్దకోడలు మూడు గ్లాసుల్లో టీ పోసి, మూడోదానిమీద మూత పెట్టింది.

ఇల్లు విడిచి ఏటి ఒడ్డున నిలబడ్డ పిల్ల కథ, ఏటిగట్టు పడుచు పాట, ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అత్తగారు దాన్ని కోడళ్లిద్దరికీ ఆస్తిలా పంచింది. ప్రశ్నలు చిన్నదానికి, జవాబులు పెద్దదానికి. కొట్టుకున్నా తిట్టుకున్నా కలిసే ఉంటారని ముసలామె ఎత్తు. తీరా ఆఖరి జవాబు ఏమై ఉండాలన్న దగ్గరే ఇద్దరికీ చెడింది. పడుచు తిరిగి రావాలని చిన్నది, గడప దాటిన ఆడది వెనక్కి చూడదని పెద్దది.

మీట నొక్కగానే టేపులో చిన్నకోడలు దగ్గింది.

"ఆ దగ్గింకా తగ్గలేదా?"

"అలాగే ఉంది పెద్దమ్మా."

"గొంతు మాత్రం ఇంకా పడుచుదే, మాయదారిది!"

టేపు అడగడం, పెద్దకోడలు పాడి జవాబు చెప్పడం. పాట సాగి సాగి ఒడ్డుకు వచ్చింది.

"ఏరు దాటి పోతావా అక్కా, ఇల్లు చేర వస్తావా?" టేపు అడిగింది.

పెద్దకోడలు పెదవులు బిగించింది. ప్రతి ఆదివారమూ అక్కడే ఆగిపోతుంది. పాట అయిపోతే ఇక ఈ గుమ్మం తొక్కే పనెవరికుంటుంది?

"పెద్దమ్మా, నాకు బదిలీ అయింది. రేపే ప్రయాణం. ఇవాళ నువ్వు పాడకపోతే పాటలో పిల్ల ఎప్పటికీ ఒడ్డునే ఉండిపోతుంది."

పెద్దకోడలు మూత పెట్టిన గ్లాసు వంక చూసింది. తర్వాత కళ్లు మూసుకుని జవాబు ఎత్తుకుంది.

"వస్తానే చెల్లీ, తలుపు వేయకే..."

కూతురు తెల్లబోయింది. "అంటే, అమ్మ మాటే నెగ్గిందా?"

"నెగ్గనీ. ఇకనైనా నాతో మాట్లాడమను."

కూతురు తలూపింది. చల్లారిపోయిన మూడో గ్లాసు తీసి తనే తాగేసింది.

చిన్నకోడలు చనిపోయి అప్పటికి ఏడేళ్లు.