సగం ఊడ్చిన ఇల్లు

పేరమ్మ మొగుడు సముద్రం మీద వేటకు బయల్దేరగానే, సాయం చేద్దామని లేనా ఇల్లు ఊడవసాగింది. సగంలో పేరమ్మ వచ్చి చీపురు లాగేసుకుంది.

"మనిషి గడప దాటంగానే ఊడస్తావా? ఆయన తిరిగి రావొద్దా?"

బోగోలు తీరంలో వేట చూడాలని జర్మనీ నుంచి వచ్చి, ఆ ఇంట్లోనే ఉంటున్న లేనా, ఊడ్చిన ఇసకను అక్కడే వదిలి పక్కకు జరిగింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. తక్కిన పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. పేరమ్మ లేనా వైపు చూడను కూడా చూడలేదు.

పొద్దుగూకే వేళకు ఆయన వచ్చాడు. అప్పుడు మిగతా సగం ఊడ్చింది పేరమ్మ.

వారం తర్వాత లేనా వెళ్లిపోయింది. జర్మనీలో దిగి ఫోన్ చేసింది.

"ఇంటికి చేరినాను, అక్కా."

"చేరినావా? సరే, పెట్టేయి. రెండు దినాలుగా ఇసక అట్నే ఉంది, ఇల్లు ఊడ్చుకోవాల."